దాళ్వా కోతల రోజుల్లో చంటిపిల్లలకు ఊరూరా ఒక నీడ కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, పెనుగొండ దగ్గర ఒక పల్లె. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాం. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఒకటో తరగతి పూర్తి చేసింది. చిన్నోడికి మూడేళ్లు నిండాయి. దాళ్వా (రబీ వరి) కోతలు మొదలైన దగ్గర్నుంచి మీ పేపర్లో ధాన్యం గురించి రోజూ ఏదో ఒకటి వస్తోంది. గోనె సంచులు అందలేదని, తేమ శాతం దగ్గర పేచీ పెడుతున్నారని, లారీలు రావడం లేదని. అవన్నీ నిజమే, రాయాల్సినవే. కానీ ఆ ధాన్యం ఆరబోసిన చోటే, ఆ బరకాల (టార్పాలిన్ల) పక్కనే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంటున్న చంటిపిల్లల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనా కత్తిరించకుండా వేస్తారని ఆశ.

నేను అడిగేది ఒక్కటే. కోతలు జరిగే మూడు నాలుగు వారాలూ ప్రతి ఊరిలో ఆరేళ్లలోపు పిల్లల కోసం ఒక నీడ ఉండాలి. అక్కడ వాళ్లను కనిపెట్టుకుని ఉండడానికి ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, తాగడానికి మంచినీళ్లు ఉండాలి. కొత్త భవనాలు అక్కర్లేదు. ఊరి బడి ఆ రోజుల్లో తాళం వేసి ఖాళీగానే ఉంటుంది.

మన డెల్టాలో పిల్లల వేసవి సెలవులూ దాళ్వా కోతలూ ఒకేసారి వస్తాయి. డిసెంబరులో ఆకుమళ్లు పోసి, జనవరిలో ఊడ్చిన చేలు ఏప్రిల్ మధ్యకు పండుతాయి. అక్కణ్నుంచి మే మధ్య దాకా ఒకరి తర్వాత ఒకరు కోస్తూనే ఉంటారు. స్కూళ్లకు ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిస్తే మళ్లీ జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఇంట్లో ఆడా మగా ఇద్దరూ బయట ఉండక తప్పని రోజుల్లోనే పిల్లలు పూర్తిగా మన చేతుల్లో ఉంటారన్నమాట. ఎండలు ముదిరేదీ అప్పుడే. భరణి, కృత్తిక కార్తెల్లో ఇక్కడ ఎలా ఉంటుందో డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. గాలిలో తేమ వల్ల నీడన కూర్చున్నా ఒంటి మీద చెమట ఆరదు. ఉత్తరాదిలో గోధుమ కోతలు కూడా ఇదే ఏప్రిల్‌లో, బైశాఖి పండగతో మొదలవుతాయని టీవీలో చూపిస్తుంటారు. అది చూసినప్పుడల్లా అక్కడి తల్లులు చంటిపిల్లలను ఎక్కడ పెట్టుకుంటారో అనిపిస్తుంది నాకు.

ఒక మాట ముందే చెప్పాలి. పిల్లలను కోతలకు దూరంగా ఉంచమని నేను అనడం లేదు. మా ఇంట్లో ఏడాది మొత్తం మీద అందరం ఒకచోట ఉండేది ఈ రోజుల్లోనే. హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు పిల్లలు వస్తారు. ఒక పక్క ఆవకాయకు కాయలు తుడిచి ముక్కలు కొట్టించే పని, ఇంకో పక్క చేలో మిషన్ ఎప్పుడొస్తుందోనని ఎదురుచూపు. గీత కార్మికుడు ముంజికాయల గెలలు తెస్తే పిల్లలు బొటనవేలితో ముంజలు జుర్రేసి, ఖాళీ కాయలకు పుల్ల గుచ్చి బండి చేసుకుని వీధంతా తోలుతారు. సాయంత్రం గాబు దగ్గర నీళ్లు పోస్తే ఒక పట్టాన బయటకు రారు. రాత్రి ధాన్యం కాపలాకు మా ఆయన వెళ్తే వీళ్లూ వెంటపడతారు. రాశి పక్కన చాప వేసుకుని, కాలువ మీద నుంచి గాలి వీస్తుంటే, అక్కడే కబుర్లు చెప్పుకుంటూ నిద్రపోతారు. సెల్‌ఫోన్ అడగరు.

మా పెద్దది ఈ ఏడాది ధాన్యం ఆరిందో లేదో చూడడం నేర్చుకుంది. మా మావగారు నేర్పారు. రాశి పైన గింజ కాకుండా మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి గింజ తీయాలి. పొట్టు ఒలిచి పంటి కింద పెట్టి కొరకాలి. మెత్తగా నలిగితే ఇంకా పచ్చి. టక్కున విరిగితే ఆరినట్టు. అది రోజుకు పదిసార్లు గింజ కొరికి "తాతా, ఇంకా మెత్తగానే ఉంది" అని చెప్పేది. కొనుగోలు కేంద్రంలో తేమ చూసే యంత్రంలో గింజలు పోసినప్పుడు ఆ అంకె 17 లోపు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. 17 శాతం దాటితే తీసుకోరని దానికీ తెలుసు. ఏ పుస్తకంలో చెబితే వస్తుంది ఈ చదువు? ఇది పోకూడదనే నా తాపత్రయం కూడా. పిల్లలు పొద్దున్నే వచ్చి కాసేపు, చల్లబడ్డాక కాసేపు మాతో ఉండాలి. నేను మాట్లాడుతున్నది మధ్యలో ఉన్న ఆ ఏడెనిమిది గంటల గురించి.

ఇదివరకు ఈ ఇబ్బంది ఇంత లేదని మా అత్తగారు అంటారు. వాళ్ల కాలంలో కొడవళ్లతో కోసేవారు. కోసిన పనలు చేలోనే రెండు మూడు రోజులు ఎండేవి. తర్వాత కట్టలు కట్టి, కుప్ప వేసి, వీలు చూసుకుని నూర్చేవారు. అప్పటికి గింజ దానంతట అదే ఆరిపోయి ఉండేది. కోతకు వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద చెట్టు కొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి పిల్లలను పడుకోబెట్టేవారు. ఉయ్యాల ఊపడానికి ఎవరో ఒక ముసలమ్మ ఉండేది. రోడ్డు ఎక్కడో దూరంగా ఉండేది. ఎండ అప్పుడూ ఎండే, కష్టం అప్పుడూ కష్టమే. ఆ రోజులే బాగున్నాయని నేను అనను. మా అత్తగారి నడుం చూస్తే ఎవరూ అనరు.

ఇప్పుడు కోత మిషన్ వచ్చింది. రోజుల తరబడి సాగే కోత గంటల్లో అయిపోతోంది. అందరూ చెప్పేది ఇక్కడితో ఆగిపోతుంది. మిషన్ కోసిన గింజ పచ్చిది. పనల మీద ఆరాల్సిన గింజను ఇప్పుడు మనం విడిగా, ఒకేసారి ఆరబెట్టుకోవాలి. ఎకరానికి 75 కిలోల బస్తాలు 45, 50 అవుతున్నాయి దాళ్వాలో. అంత ధాన్యం ఆరబోయడానికి చోటు కావాలి. కళ్లాలు పోయాయి. ఊరి చుట్టూ ఖాళీ జాగా అన్నదే లేదు, ఉన్న చోటల్లా వరి, కొబ్బరి, లేదంటే చేపల చెరువు. ఇక మిగిలింది రోడ్డు. పొద్దున్నే బరకాలు తీసి రాశిని పలచగా పరచాలి. గంట గంటకూ కాళ్లు ఈడ్చుకుంటూ చాళ్లు చాళ్లుగా నడిచి తిరగేయాలి. సాయంత్రం మళ్లీ పోగు చేసి కప్పాలి. ఇలా రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు. కోత బరువు మగవాళ్లకు తగ్గింది. ఈ ఆరబెట్టే పని మాత్రం చాలావరకు ఆడవాళ్ల మీదే పడింది. గింజ ఆరేది కూడా ఎండ బాగా కాసే వేళలోనే కాబట్టి పొద్దున పది నుంచి నాలుగు దాకా మేం అక్కడ ఉండి తీరాలి. మేం ఎక్కడుంటే మా పిల్లలూ అక్కడే. చెట్టు కింద ఉయ్యాలలో ఉండాల్సిన పిల్లలు తారు రోడ్డు అంచుకు వచ్చి పడ్డారు.

ఆ రోడ్డు అంచు ఎలా ఉంటుందో చెబుతాను. ఒక వైపు ధాన్యం పరిచి ఉంటుంది, రెండో వైపు బళ్లు పోతుంటాయి. ధాన్యం ట్రాక్టర్లు, గడ్డి ఆటోలు, బైకులు. ధాన్యం తొక్కకుండా పోవాలని డ్రైవర్లు పిల్లలున్న వైపుకు తిప్పుతారు. బరకం మీద కాలు పెడితే చురుక్కుమంటుంది. చెప్పులు వేస్తే చిన్నోడు విడిచేస్తాడు. మధ్యాహ్నానికి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు వేడెక్కిపోతాయి, పిల్లలు తాగమంటే తాగరు. ధాన్యం తిరగేసినప్పుడు లేచే నూగు మెడ మడతల్లోనూ మోచేతుల లోపలా పడి చెమటకు అంటుకుపోతుంది. వాడు గోక్కుంటాడు, ఎర్రగా దద్దురు లేస్తుంది, ఏడుస్తాడు. ఎత్తుకుందామంటే నా ఒంటి నిండా కూడా నూగే. చీర కొంగు తడిపి తుడుస్తాను, మళ్లీ చాళ్లు తొక్కడానికి వెళ్తాను.

మే మొదట్లో ఒక మధ్యాహ్నం వాడు ఉన్నట్టుండి ఆట మానేసి గోనె సంచి మీద పడుకున్నాడు. నిద్రొచ్చిందేమో అనుకున్నారు అందరూ. ముట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది, పెదాలు ఎండిపోయాయి, అంతసేపూ పాస్ పోయలేదు. పక్క బరకం దగ్గరున్న ఆవిడ చూసి, వాణ్ని ఎత్తుకుని దగ్గర్లో ఉన్న పెంకుటింటి చావిట్లోకి పరుగెత్తింది. చొక్కా విప్పి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ, ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించాం. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం వచ్చి చూసి, సమయానికి నీడకు చేర్చారు కాబట్టి సరిపోయింది అంది. సాయంత్రానికి మామూలు మనిషయ్యాడు. ఏఎన్ఎం మాకు చెప్పిన సంగతి ఇక్కడ రాస్తాను, చదివిన తల్లులకు పనికొస్తుంది. చంటిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే తొందరగా వేడెక్కుతుంది. దాహం వేస్తోందని చెప్పడం వాళ్లకు రాదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి పట్టాలి. ఆరు నెలల లోపు బిడ్డకైతే తల్లిపాలే మాటిమాటికీ ఇవ్వాలి. బిడ్డ మగతగా ఉన్నా, పిలిస్తే పలక్కపోయినా, ఫిట్స్ లాంటివి వచ్చినా ఇంటి వైద్యం చేసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

చేలోకి తీసుకెళ్తే ఇంకో రకం భయం. మిషన్ కదులుతుంటే ఎలుకలు బయటపడతాయి, పురుగులు లేస్తాయి, వాటి కోసం తెల్ల కొంగలు గుంపులుగా మిషన్ వెనకాలే నడుస్తాయి. ఆ కొంగల వెనక పిల్లలు పరుగెడతారు. పిల్లలన్నాక పరుగెత్తకుండా ఉంటారా! కానీ డ్రైవర్ అంత ఎత్తున కూర్చుంటాడు. మిషన్ వెనక్కి తిప్పేటప్పుడు మూడడుగుల పిల్లవాడు అతనికి కనపడడు. మిషన్ నుంచి ట్రాక్టర్ తొట్టిలోకి ధాన్యం జారుతుంటే అందులో దూకి ఆడుకోవాలని పిల్లలకు ఎక్కడలేని సరదా. ధాన్యం మెత్తగా ఉన్నట్టే ఉంటుంది గానీ పైనుంచి పడుతున్నప్పుడు చిన్నపిల్ల అందులో నడుం దాకా కూరుకుపోతే లాగడం పెద్దవాళ్లకు కూడా చాలా కష్టం.

ఇక నీళ్లు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లోనే వదులుతారు. కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నిండా నింపుకుంటాం కదా. మేం ధాన్యం దగ్గర ఉన్న వేళకు ఊరి చెరువులు గట్టు దాకా నిండి ఉంటాయి, గట్టున పెద్దవాళ్లు ఎవరూ ఉండరు. వేసవి సెలవుల్లో చెరువుల్లో పిల్లలు పోయిన వార్తలు మీ పేపర్లోనే చదువుతుంటాం. నేను ఆ పేజీ తిప్పేస్తాను, చదవలేను.

"పిల్లలున్న ఆడది ఇంటి దగ్గర ఉండకూడదా, కూలీలను పెట్టుకోకూడదా" అని ఒక పెద్దమనిషి అన్నారు. కౌలుకు చేసేవాడు మక్తా కట్టాక, ఎరువులకూ మిషన్‌కూ ఇచ్చాక, ఆరబెట్టడానికి కూడా కూలి ఇస్తే ఏం మిగులుతుంది? పైగా ఆ కూలికి వచ్చే ఆవిడకూ పిల్లలుంటారు. ఆమె బిడ్డను రోడ్డు మీద ఉంచి నా బిడ్డను ఇంట్లో ఉంచుకుంటే సమస్య తీరినట్టా? "ముసలివాళ్లు చూసుకోరా" అంటారు ఇంకొందరు. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతోనే ఆవకాయ పని, వంట, గేదెలు చూసుకుంటారు. మూడేళ్లవాడు పరుగెడితే వెనక పరుగెత్తలేరు.

"నాలుగు రోజులు ఆగి, చల్లబడ్డాక ఆరబెట్టుకోండి" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మే నెల వానల సంగతి తెలియదనుకుంటాను. 2022 మేలో అసని తుపాను సరిగ్గా కోతల మీదే వచ్చింది. 2023లో ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారం కురిసిన వానలకు గోదావరి జిల్లాల్లో ఆరబోసిన ధాన్యం తడిసి మొలకలొచ్చింది. ఆకాశం కాస్త నల్లబడితే చాలు, ఊరు ఊరంతా బరకాల దగ్గరికి పరుగెడుతుంది. ఆ టైములో ఎవరి పిల్లలు ఎక్కడున్నారో ఎవరికీ గుర్తుండదు. గాలివాన ముందు బరకం అంచులు పట్టుకుని లాగుతున్నప్పుడు నా కాళ్ల దగ్గర ఎవరి బిడ్డ ఉన్నాడో నేను చూసుకోలేకపోయాను. అందరి పరిస్థితీ అంతే.

మా అంగన్‌వాడీ ఉంది. టీచరమ్మ మంచిది, పిల్లలను బాగా చూస్తుంది. కానీ వేసవిలో మధ్యాహ్నం కాకుండానే పిల్లలను ఇంటికి పంపేస్తారు. అది ఆమె నిర్ణయం కాదు, ఎండల వల్ల పైనుంచి వచ్చిన వేళలవి. పిల్లలు చల్లగా ఇంట్లో ఉండాలని వాళ్ల ఉద్దేశం. ఇంటికి తాళం ఉంటుందన్న సంగతి ఆ వేళలు పెట్టినవాళ్లకు తోచి ఉండదు.

నేను కొత్తగా కోరుతున్నదేమీ లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే ఈ ఏర్పాటు రాసి పెట్టారు. పని జరిగే చోట తాగునీళ్లు, పిల్లలకు నీడ, మందుల పెట్టె ఉండాలని అందులో రాశారు. పనికి వచ్చిన ఆడవాళ్ల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, ఆ ఆడవాళ్లలోనే ఒకరిని పిల్లలను చూసుకోవడానికి పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలనీ రాశారు. కాలువ పూడిక తీసే తల్లి బిడ్డకు కావాల్సిన నీడ, వడ్లు ఆరబెట్టే తల్లి బిడ్డకు అక్కర్లేదా? 50 మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో పిల్లల కోసం క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. మే మొదటి వారంలో మా ఊరి రోడ్ల మీద అంతకంటే ఎక్కువ మంది ఆడవాళ్లే కనపడతారు. అందరూ ఒకే యజమాని దగ్గర పనిచేయరు, అంతే తేడా. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను రోజంతా చూసుకోవడానికి అంగన్‌వాడీతో కలిపి క్రెష్ నడిపే 'పాల్నా' పథకం కూడా కేంద్ర ప్రభుత్వానికి ఉంది. దాన్ని డెల్టా పల్లెల్లో కోతల నెలకైనా తెస్తే బాగుంటుంది.

ఖర్చు ఎంతవుతుందో మా ఆయనా నేనూ కూర్చుని లెక్క వేశాం. 2025-26కి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఇద్దరు ఆడవాళ్లకు 20 రోజులకు ఆ కూలి ఇస్తే 12,280 రూపాయలు. అదే ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే మా 75 కిలోల బస్తా సుమారు 1,777. మొత్తం ఊరి పిల్లలను కోతలు అయ్యేదాకా కాపాడే ఇద్దరి కూలి ఏడు బస్తాల ధాన్యం కూడా కాదు. మేం మూడెకరాల్లోనే నూరు బస్తాలు దాటి పండిస్తాం. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల ఆయకట్టు మొత్తం పది లక్షల ఎకరాలు. ఇంత పంట మీద బతికే మిల్లులున్నాయి, వ్యాపారులున్నారు, సొసైటీలున్నాయి, ప్రభుత్వం ఉంది. ఊరికి ఏడు బస్తాలు ఎక్కడో ఒకచోట దొరక్కపోవు.

మనుషులు కూడా ఊళ్లోనే ఉన్నారు. ఎండలో చాళ్లు తొక్కే ఓపిక లేని, పిల్లలను చూసుకోగల యాభై ఏళ్లు దాటిన ఆడవాళ్లు డ్వాక్రా సంఘాల్లో చాలామంది. కూలి వస్తుందంటే సంతోషంగా చేస్తారు. కావాల్సినవి పెద్దవేం కావు. ఫ్యాను తిరిగే గది, మట్టి కుండలో నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రెండు చాపలు, చంటివాళ్లకు ఉయ్యాల, గేటుకు గొళ్లెం. పాలిచ్చే తల్లి మధ్యలో వచ్చి బిడ్డకు పాలిచ్చి వెళ్లాలి కాబట్టి ఆ నీడ ధాన్యం ఆరబోసే చోటికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. మండల కేంద్రంలో పెడితే ఎవరికీ ఉపయోగపడదు. బడి ఆవరణలో కొంత భాగం ధాన్యం ఆరబోయడానికి కూడా ఇస్తే రోడ్డు మీద భారం తగ్గుతుంది. బళ్లవాళ్లు కూడా ఇబ్బంది పడుతున్నారు, వాళ్లను తప్పుపట్టను.

పోయిన కోతల్లో మేం నాలుగిళ్లవాళ్లం కలిసి చిన్న ప్రయత్నం చేశాం. రామాలయం మండపంలో పిల్లలను కూర్చోబెట్టి రోజుకొకరం వంతులవారీగా ఉన్నాం. నా వంతు రోజున తొమ్మిది మంది పిల్లలు. కొబ్బరాకుతో బూరలు చేసిచ్చాను, చింతపిక్కలతో వామనగుంటలు ఆడించాను, పెద్దది చిన్నవాళ్లకు పాటలు నేర్పింది. మధ్యాహ్నం చద్దన్నంలో పెరుగు కలిపి అందరికీ ముద్దలు పెడితే ఇంట్లో తినని వాళ్లూ తిన్నారు. ఆ రోజుల్లో ఒక్క బిడ్డకూ ఒళ్లు వేడెక్కలేదు, దద్దుర్లు లేవు. అయితే మబ్బు పట్టిన రోజు వంతు మనిషి కూడా తన బరకం దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చింది. ధాన్యం తడిస్తే ఆమె ఇంటిల్లిపాదీ ఏడాది కష్టం పోతుంది, ఆమెను ఎవరు ఆపగలరు? అందుకే సొంత ధాన్యం లేని మనిషి, కూలి తీసుకుని అదే పనిగా ఉండే మనిషి కావాలంటున్నాను. తల్లులు సర్దుకుంటే సరిపోయే పని కాదిది.

ఏటా కోతలకు ముందు అధికారులు సమావేశం పెడతారు. గోనె సంచులు ఎన్ని, తేమ యంత్రాలు ఎన్ని, లారీలు ఎన్ని, ఏ కొనుగోలు కేంద్రం ఏ మిల్లుకు అని లెక్కలు వేసుకుంటారు. ఆ కాగితంలో ఒక వరుస పెంచి, ఊళ్లో ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది, వాళ్లకు నీడ ఎక్కడ అని రాసుకోమని జిల్లా కలెక్టర్లను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. పిల్లల లెక్క కొత్తగా తీయాల్సిన పని కూడా లేదు, అంగన్‌వాడీ రిజిస్టర్లో పేర్లతో సహా ఉంది. కోత తేదీలు రైతు సేవా కేంద్రంలో ఉంటాయి. ఆ రెండు పుస్తకాలూ ఒక బల్ల మీదకు వస్తే చాలు.

మా ఊరి బడి వరండా తాళం ఎవరి దగ్గరుందో మాకు తెలుసు. అడిగితే ఆయన కాదనలేదు. "నాకేం అభ్యంతరం లేదమ్మా, పైనుంచి ఒక కాగితం తెచ్చుకోండి" అన్నారు. ఎవరు ఇవ్వాలి అంటే మండలంలో అడగమన్నారు. మండలంలో అడిగితే అది విద్యాశాఖ పని అన్నారు, అక్కడ అడిగితే సెలవుల్లో తమ చేతుల్లో లేదన్నారు. ఆ కాగితం మీద సంతకం చేయాల్సింది ఎవరో మీ విలేకరి కనుక్కుని మీ పేపర్లో రాయండి. వచ్చే దాళ్వాకు మేం తిన్నగా ఆయన దగ్గరికే వెళ్తాం.

ఇట్లు
ఒక కౌలు రైతు ఇల్లాలు,
పెనుగొండ మండలం, పశ్చిమ గోదావరి జిల్లా